రోహన్ బోపన్న పక్కన నిలబడ్డవాళ్ళు

మన టెన్నిస్ డబుల్స్ ఆటగాడు రోహన్ బోపన్న గురించి ఎవరు మాట్లాడినా వయసు దగ్గరే మొదలుపెడతారు. 43 ఏళ్ళకి ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు, 43 ఏళ్ళకే వరల్డ్ నంబర్ వన్ అయ్యాడు, 44 వచ్చాక మయామీలో మాస్టర్స్ టైటిల్ (గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి స్థాయి టోర్నమెంట్) కొట్టాడు అని. నిజమే, చిన్న విషయమేం కాదు, అతనికి ముందు లేటు వయసులో మొదటిసారి నంబర్ వన్ అయిన రికార్డు రాజీవ్ రామ్‌ది, ఆయనకి అప్పటికి 38. కానీ నాకెందుకో ఆ వయసు మాట విన్న ప్రతిసారీ అసలు విషయం పక్కకి పోతోందనిపిస్తుంది. ఆ కెరీర్ మొత్తంలో నన్ను ఆశ్చర్యపరిచేది వయసు కాదు, పార్ట్‌నర్లు. ఒకరితో కుదిరి పెద్ద ఫైనల్ దాకా వెళ్ళి, ఏదో కారణంతో విడిపోయి, మళ్ళీ ఇంకొకరితో ఓనమాల నుంచి మొదలుపెట్టి, ఇలా 20 ఏళ్ళకి పైగా చేస్తూనే ఉన్నాడు చూడండి, డబుల్స్ ప్లేయర్ బతుకంటే అదే, దాని గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయరు.

డబుల్స్ అసలు ఎలా నడుస్తుందో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. చాలామంది అనుకునేది పేస్-భూపతి లాగా, బ్రయాన్ బ్రదర్స్ లాగా ఒక జోడీ ఉంటుంది, వాళ్ళు ఏళ్ళ తరబడి కలిసి ఆడతారు అని. బ్రయాన్లు కవలలు, వాళ్ళ లెక్కే వేరు, 16 గ్రాండ్‌స్లామ్‌లు కలిసి గెలిచారు, మిగతావాళ్ళెవరికీ అలా కుదరదు. ర్యాంకింగ్ ఎవరిది వాళ్ళదే, కానీ టోర్నమెంట్‌లోకి ఎంట్రీ మాత్రం ఇద్దరి ర్యాంకులూ కలిపి చూసి ఇస్తారు. అంటే నాది 30, నీది 90 అయితే మన నంబర్ 120, కటాఫ్ 100 దగ్గర ఆగిందంటే నేనెంత బాగా ఆడుతున్నా బయటే ఉంటాను. పైగా సింగిల్స్ ర్యాంకు ఉన్నవాళ్ళు దాన్ని వాడుకుని కూడా డబుల్స్ డ్రాలోకి రావచ్చు, కాబట్టి సింగిల్స్ స్టార్లు ఓ ఇద్దరు సరదాగా ఈ వారం ఆడదాం అనుకుంటే చివర్లో ఉన్న డబుల్స్ జోడీకి చోటు పోతుంది. అందుకే సీజన్ మధ్యలో ఫోన్లు, మెసేజ్‌లు, లాకర్ రూమ్‌లో మాటలు, వచ్చే నెల క్లే (మట్టి కోర్టు) మీద నీకెవరున్నారు, గ్రాస్ (గడ్డి కోర్టు) మీద ఎవరితో ఆడుతున్నావ్ అని. పార్ట్‌నర్‌కి మడమ మెలి తిరిగితే నీ ఒంటికి ఏమీ కాకపోయినా నీ టోర్నమెంట్ అయిపోయినట్టే. వాళ్ళింట్లో పెళ్ళుంటే నీకూ సెలవే.

డబ్బు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సింగిల్స్ విజేతకి 31 లక్షల 50 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు, మెన్స్ డబుల్స్ గెలిచిన జోడీకి 7 లక్షల 30 వేలు, అదీ ఇద్దరూ పంచుకోవాలి. అందులోంచి కోచ్, ఫిజియో, ఫ్లైట్లు, హోటళ్ళు. అది గ్రాండ్‌స్లామ్ గెలిచినవాడి సంగతి, కింద ఛాలెంజర్లు అనే చిన్న టోర్నమెంట్లలో తిరిగేవాళ్ళకి వచ్చేది చాలాసార్లు ప్రయాణాలకే సరిపోదు.

ఆట కూడా తమాషాగా మారిపోయింది. 2006 నుంచి ఏటీపీ టూర్‌లో, అంటే మగవాళ్ళ ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో, డబుల్స్‌కి డ్యూస్ (40-40 తర్వాత రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా ఆడటం) తీసేశారు, 40-40 అయితే ఒకే ఒక్క పాయింట్, అది ఎవరు గెలిస్తే గేమ్ వాళ్ళదే. సెట్లు చెరొకటి అయితే మూడో సెట్ ఉండదు, 10 పాయింట్ల టై-బ్రేక్ (గ్రాండ్‌స్లామ్ మెన్స్ డబుల్స్‌లో మాత్రం పూర్తి సెట్లే). దాంతో మ్యాచ్ మొత్తం బాగా ఆడి కూడా రెండు మూడు పాయింట్లలో ఇంటికెళ్ళిపోవడం మామూలైపోయింది. సింగిల్స్‌లో కోర్టు వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌లో 36, ఆ 9 అడుగులూ ఎక్కువ వచ్చినా ఖాళీ అన్నదే కనిపించదు, ఎందుకంటే నెట్ దగ్గర ఒకడు నిలబడి ఉంటాడు. సర్వ్ చేసేవాడి పార్ట్‌నర్ వీపు వెనక చెయ్యి పెట్టి వేళ్ళతో సైగ చేస్తాడు, నేను అడ్డం వెళ్తున్నా, నువ్వు టీ (సర్వీస్ బాక్సుల మధ్య గీత) మీదకి వెయ్యి అని. లేదా ఐ-ఫార్మేషన్ అని నెట్ మధ్యలో గొంతుక్కూర్చుంటాడు, ఎటు లేస్తాడో రిటర్న్ చేసేవాడికి తెలియదు. ఇదంతా పని చెయ్యాలంటే సర్వ్ చేసేవాడు అనుకున్న చోటే వెయ్యాలి, నెట్ దగ్గరున్నవాడు అది అక్కడే పడుతుందని వెనక్కి తిరక్కుండా నమ్మాలి. ఆ నమ్మకం ఒక్క వారంలో రాదు, కానీ కొత్త పార్ట్‌నర్‌తో దిగినప్పుడు చేతిలో ఉండేది ఒక్క వారమే.

ఇప్పుడు బోపన్న సంగతికి వస్తాను. కొడగు కాఫీ తోటల ప్రాంతం వాడు, రాకెట్ పట్టింది 11 ఏళ్ళకి, టెన్నిస్ లెక్కలో అది ఆలస్యమే. సర్వ్ మాత్రం భయంకరంగా ఉండేది. సింగిల్స్‌లో చాలా ఏళ్ళు ప్రయత్నించాడు, 200 లోపలికి ఎప్పుడూ రాలేకపోయాడు. 2002లోనే డేవిస్ కప్‌లోకి (దేశాల మధ్య జట్ల పోటీ) వచ్చాడు కానీ అప్పుడంతా పేస్, భూపతిల కాలం, వాళ్ళ నీడలో ఇంకో డబుల్స్ ప్లేయర్‌ని చూసే ఓపిక మనకి ఎక్కడుంది? మొదటి ఏటీపీ టైటిల్ 2008లో లాస్ ఏంజెలెస్‌లో, అమెరికన్ ఎరిక్ బ్యుటొరాక్‌తో, అప్పటికే 28 ఏళ్ళు.

అసలు పేరొచ్చింది పాకిస్తాన్ ఆటగాడు ఐసామ్ ఉల్ హక్ ఖురేషీతో. ఇండో-పాక్ ఎక్స్‌ప్రెస్ అన్నారు. 2010 యూఎస్ ఓపెన్‌లో ఫైనల్‌కి వెళ్ళారు, ఆ మ్యాచ్‌కి ఐక్యరాజ్యసమితిలో రెండు దేశాల రాయబారులూ వచ్చి పక్కపక్కన కూర్చుని చూశారు. బ్రయాన్లతో ఓడిపోయారు, 7-6, 7-6, రెండు సెట్లూ టై-బ్రేకే. అంత దగ్గర. ఆ తర్వాత వారమే చెన్నైలో బ్రెజిల్‌తో డేవిస్ కప్, ఇండియా 0-2 వెనకబడి 2-2కి వచ్చింది, చివరి మ్యాచ్ సింగిల్స్, అందులో బోపన్న రికార్డో మెలోని వరస సెట్లలో ఓడించాడు. ఫైనల్ ఓడిన బాధ ఇంకా ఆరకముందే ప్రపంచం అటు చివర నుంచి వచ్చి, తనకి పెద్దగా పేరు లేని సింగిల్స్‌లో దేశం మొత్తం బరువు మోశాడు. ఈ మ్యాచ్ గురించి మనవాళ్ళు మాట్లాడుకునేది చాలా తక్కువ, నాకైతే అతని కెరీర్‌లో మొదటి మూడు జ్ఞాపకాల్లో ఒకటి.

2011లో ఖురేషీతోనే పారిస్ మాస్టర్స్ గెలిచాడు. గెలిచాక విడిపోయారు. 2012 లండన్ ఒలింపిక్స్ దగ్గరపడుతోంది, ఒలింపిక్స్‌లో వేరే దేశం వాడితో ఆడలేవు కదా, అందుకని భూపతితో కలిశాడు. అక్కడ జరిగిన గొడవ గుర్తున్నవాళ్ళకి గుర్తుంటుంది, భూపతి పేస్‌తో ఆడనన్నాడు, బోపన్న కూడా ఆడనన్నాడు, ఆఖరికి రెండు జట్లు పంపాల్సి వచ్చింది, పేస్ పక్కన మన విష్ణువర్ధన్ వెళ్ళాడు. ఎవరిది తప్పు అన్నది నేనిప్పుడు తేల్చను. ఒకటి మాత్రం చెప్తాను, ఆ రోజుల్లో టీవీల్లో అందరూ దేశం కోసం ఎవరితోనైనా ఆడాలి కదా అన్నారు, కానీ వీపు వెనక వేలి సైగ నమ్మి సర్వ్ వెయ్యాల్సిన ఆటలో ఎవరితోనైనా అన్నది అంత తేలిక కాదు, ఇంతకుముందు చెప్పిన నమ్మకం సంగతి అదే. భూపతితో ఆ ఏడాది పారిస్ మాస్టర్స్ మళ్ళీ గెలిచాడు, సంవత్సరాంతపు టూర్ ఫైనల్స్‌లో ఫైనల్ దాకా వెళ్ళాడు. ఒలింపిక్స్‌లో మాత్రం రెండో రౌండ్‌లోనే అయిపోయింది.

తర్వాత ఫ్రెంచ్‌వాడు ఎడ్వార్డ్ రోజర్-వాసెలిన్‌తో 2013 వింబుల్డన్ సెమీస్, అక్కడ మళ్ళీ బ్రయాన్లే, అయిదు సెట్ల దాకా లాగి ఓడారు. ఆ జూలైలోనే ర్యాంకు 3కి చేరింది. అప్పుడు 33 ఏళ్ళు, ఇంకేముంది ఇదే శిఖరం అనుకుని ఉంటారు చూసినవాళ్ళు. 2015లో రొమేనియా ఫ్లోరిన్ మెర్జియాతో మాడ్రిడ్ గెలిచాడు, వింబుల్డన్ క్వార్టర్స్‌లో ఆ బ్రయాన్లనే ఓడించాడు, సెమీస్‌లో రోజెర్-తెకావ్ జోడీ దగ్గర మళ్ళీ అయిదు సెట్లలో ఓటమి, అదే ఏడాది టూర్ ఫైనల్స్ ఫైనల్లోనూ ఆ జోడీయే అడ్డం నిలబడింది. 2016 రియో ఒలింపిక్స్‌లో సానియా మీర్జాతో మిక్స్‌డ్‌లో (ఒక మగ, ఒక ఆడ ఆడే డబుల్స్) నాలుగో స్థానం, మెడల్ చేతిదాకా వచ్చి జారిపోయింది. ఈ లిస్టు ఎందుకు చెప్తున్నానంటే, ఒక మనిషి కెరీర్‌లో ఇన్నిసార్లు దగ్గరకొచ్చి ఆగిపోతే, ప్రతిసారీ పక్కనున్న మనిషి మారిపోతుంటే, ఎక్కడో ఒకచోట ఇంక చాలు అనిపించదా?

మొదటి గ్రాండ్‌స్లామ్ 2017లో వచ్చింది, ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్, కెనడా అమ్మాయి గాబ్రియేలా డబ్రౌస్కీతో. ఫైనల్లో మొదటి సెట్ 2-6తో పోయింది, రెండోది తీసుకున్నారు, టై-బ్రేక్‌లో రెండు మ్యాచ్ పాయింట్లు కాచుకుని 12-10తో గెలిచారు. పేస్, భూపతి, సానియా తర్వాత గ్రాండ్‌స్లామ్ గెలిచిన నాలుగో ఇండియన్. 2018 ఏషియన్ గేమ్స్‌లో దివిజ్ శరణ్‌తో గోల్డ్.

ఆ తర్వాతది నాకు చాలా ఇష్టమైన భాగం, ఎందుకంటే అందులో మెరుపులేమీ లేవు. మోకాళ్ళలో కార్టిలేజ్ అరిగిపోయింది, రోజుకి రెండు మూడు పెయిన్‌కిల్లర్లు వేసుకుని ఆడేవాడినని అతనే చెప్పాడు. అయ్యంగార్ యోగా మొదలుపెట్టాకే ఆ నొప్పి తగ్గిందట. 2021లో అయిదు నెలల పాటు ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచిన రోజు కోర్టులో మైకు పట్టుకుని చెప్పాడు ఇది, రెండేళ్ళ క్రితం మా ఆవిడకి వీడియో మెసేజ్ పంపాను, ఇంక ఆపేస్తాను అని. 40 దాటినవాడు, నెలల తరబడి ఓడిపోతున్నవాడు, అలాంటివాడికి మంచి పార్ట్‌నర్ దొరకడం ఎంత కష్టమో ఆలోచించండి, ర్యాంకు పడిపోతుంటే ఎవరు ఫోన్ ఎత్తుతారు? అయినా 2022లో రామ్‌కుమార్ రామనాథన్‌తో అడిలైడ్, పుణె గెలిచాడు, డచ్ ఆటగాడు మాట్వే మిడిల్‌కూప్‌తో ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్ ఆడాడు. గుడ్డిగా అదృష్టం కోసం కూర్చోలేదు, దొరికిన ప్రతి మనిషితోనూ ఏదో ఒకటి నిలబెట్టాడు.

2023లో మాథ్యూ ఎబ్డెన్ వచ్చాడు. ఆస్ట్రేలియన్, సింగిల్స్‌లో టాప్ 40 చూసినవాడు, అంతకు ముందు ఏడాదే మాక్స్ పర్సెల్‌తో వింబుల్డన్ డబుల్స్ గెలిచినవాడు. బోపన్న బాంబుల్లాంటి సర్వ్‌లు వేసి ఫోర్‌హ్యాండ్‌తో బాదుతుంటే ఎబ్డెన్ రిటర్న్‌లు కాళ్ళ దగ్గర దింపుతూ నెట్ దగ్గర పిల్లిలా కదిలేవాడు. మార్చికల్లా ఇండియన్ వెల్స్ గెలిచారు, 43 ఏళ్ళకి బోపన్న అత్యంత పెద్ద వయసు మాస్టర్స్ విజేత. వింబుల్డన్ సెమీస్. యూఎస్ ఓపెన్ ఫైనల్, అంటే ఖురేషీతో ఆడిన ఫైనల్‌కి సరిగ్గా 13 ఏళ్ళ తర్వాత. అది కూడా పోయింది, రాజీవ్ రామ్, జో సాలిస్‌బరీల చేతిలో, మొదటి సెట్ 6-2 గెలిచి మరీ. ఆ మ్యాచ్ మూడో సెట్‌లో బంతి అతని చేతికి రాసుకుంటూ వెళ్ళింది, అంపైర్ చూడలేదు, ఇతనే చెప్పి పాయింట్ వాళ్ళకిచ్చేశాడు. మెన్స్ డబుల్స్‌లో ఒక్క స్లామ్ కూడా లేనివాడు, ఫైనల్ మూడో సెట్‌లో. నేనైతే ఆ రోజు నుంచి అతను ఒక స్లామ్ గెలవాలని నిజంగా మొక్కుకున్నంత పని చేశాను.

అయిదు నెలల్లోపే గెలిచాడు. 2024 జనవరి 27, మెల్‌బోర్న్. క్వార్టర్స్ గెలవగానే నంబర్ వన్ ఖాయమైపోయింది, కానీ ట్రోఫీ లేకుండా ఆ నంబర్ ఎలా ఉండేదో. సెమీస్‌లో మఖాచ్, జాంగ్ జిజెన్ అనే ఇద్దరు సింగిల్స్ కుర్రాళ్ళు మూడో సెట్ టై-బ్రేక్ దాకా తెచ్చారు. ఫైనల్లో ఇటలీ బోలెల్లి, వవసోరి. మొదటి సెట్ టై-బ్రేక్ 7-0, ఒక్క పాయింట్ కూడా ఇవ్వలేదు, రెండోది 7-5. ఆ టై-బ్రేక్ దొరికితే చూడండి, రెండు రాకెట్లు పట్టుకున్న ఒకే మనిషి ఆడుతున్నట్టుంటుంది. ఆ ఏడాదే పద్మశ్రీ, మార్చిలో మయామీ.

ఇంత కుదిరిన జోడీ కూడా 2024 టూర్ ఫైనల్స్‌తో అయిపోయింది. ఆ వేసవిలో పారిస్ ఒలింపిక్స్‌లో ఎబ్డెన్ తన దేశం వాడు జాన్ పియర్స్‌తో గోల్డ్ గెలిచాడు, బోపన్న శ్రీరామ్ బాలాజీతో మొదటి రౌండ్‌లోనే ఓడి ఇండియా జెర్సీకి సెలవు చెప్పాడు. ఆ చివరి మ్యాచ్‌లో నెట్‌కి అవతల గేల్ మోన్‌ఫిస్ పక్కన నిలబడ్డది ఎవరో తెలుసా, 2013లో వింబుల్డన్‌లో ఇతని పక్కన నిలబడ్డ రోజర్-వాసెలిన్. డబుల్స్‌లో ఇలాగే ఉంటుంది, ఈ ఏడాది నీ సైగలన్నీ తెలిసినవాడు ఇంకో ఏడాది వాటిని చదివి నిన్నే ఓడిస్తాడు. 2025లో మళ్ళీ పార్ట్‌నర్లు మారుతూ వచ్చారు, పారిస్ మాస్టర్స్‌లో అలెగ్జాండర్ బుబ్లిక్‌తో మొదటి రౌండ్ ఓడాక నవంబర్ 1న ఇంక చాలని చెప్పాడు. 45 ఏళ్ళు, 26 టైటిళ్ళు.

సానియా గురించి ఒక్క మాట రాయకుండా ఉండలేను. మన హైదరాబాద్ అమ్మాయి సింగిల్స్‌లో 27 దాకా వెళ్ళి, ఒంటి మీద ఇన్ని ఆపరేషన్లయ్యాక 2013లో సింగిల్స్ ఆపేసి డబుల్స్‌కి వచ్చింది. అప్పుడు చాలామంది ఇంక అయిపోయింది అన్నారు, ఆమె స్విట్జర్లాండ్ మార్టినా హింగిస్‌తో కలిసి వరసగా మూడు స్లామ్‌లు, వరసగా 41 మ్యాచ్‌లు గెలిచింది. అంతటి జోడీ కూడా 2016 ఆగస్టుకి విడిపోయింది. ఆమె చివరి గ్రాండ్‌స్లామ్ 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్, మిక్స్‌డ్ ఫైనల్, పక్కన బోపన్న. 14 ఏళ్ళప్పుడు తన మొదటి మిక్స్‌డ్ పార్ట్‌నర్ ఇతనేనని ఓడిపోయాక ఏడుస్తూనే చెప్పింది. అంతమందితో ఆడి తిరిగి తిరిగి మొదటివాడితో ఆపడం, నాకది టైటిల్ కన్నా ఎక్కువ.

డబుల్స్ అంటే సింగిల్స్ రానివాళ్ళ ఆట అనే మాట నాకు నచ్చదు. 2025లో యూఎస్ ఓపెన్ వాళ్ళు మిక్స్‌డ్‌ని మార్చేసి సింగిల్స్ స్టార్లని తెచ్చి పెట్టారు, ఫైనల్ తప్ప మిగతా మ్యాచ్‌లలో నాలుగు గేములకే సెట్, గెలిస్తే 10 లక్షల డాలర్లు. గెలిచింది ఎవరు? సారా ఎరానీ, ఆంద్రియా వవసోరి. అంతకు ముందు ఏడాది పాత పద్ధతిలో గెలిచింది కూడా వాళ్ళే. ఫైనల్లో స్వియాటెక్, కాస్పర్ రూడ్‌లని ఓడించారు. స్వియాటెక్ సర్వ్, ఫోర్‌హ్యాండ్ ముందు ఎరానీది ఏపాటి, కానీ ఎప్పుడు అడ్డం వెళ్ళాలో, ఎప్పుడు తల మీదుగా ఎత్తుగా లాబ్ వెయ్యాలో, పక్కవాడు ఖాళీ చేసిన చోటికి ఎప్పుడు జరగాలో ఆమెకి తెలుసు, అది వేరే చదువు.

ఇప్పుడు ఎవర్ని చూస్తున్నావ్ అని అడిగితే ఇద్దరి పేర్లు చెప్తాను. ఒకరు యూకీ భాంబ్రీ, జూనియర్స్‌లో వరల్డ్ నంబర్ వన్, సింగిల్స్‌లో 83 దాకా వచ్చాక గాయాలు తినేశాయి, డబుల్స్‌కి మారి 2025 యూఎస్ ఓపెన్‌లో మైకేల్ వీనస్‌తో సెమీస్ ఆడాడు. రెండోది మన తెలుగు కుర్రాడు రిత్విక్ చౌదరి బొల్లిపల్లి. 2024 అక్టోబర్‌లో అల్మటీలో అర్జున్ ఖాడేతో తన మొదటి ఏటీపీ టైటిల్ గెలిచాడు, ఫైనల్ టై-బ్రేక్ 14-12, ఓడినవాళ్ళలో ఒకడు కొలంబియా నికోలస్ బరియెంటోస్. ఆ తర్వాత ఫిబ్రవరి-మార్చిలో చిలీ ఓపెన్‌లో రిత్విక్ ఇంకో టైటిల్ గెలిచాడు, ఈసారి పక్కన నిలబడి ఆడింది ఆ బరియెంటోసే. అతని మ్యాచ్‌లు టీవీలో రావు, ఛాలెంజర్ వారాల్లో అయితే ఏటీపీ వాళ్ళ ఛాలెంజర్ టీవీలో ఫ్రీగా స్ట్రీమ్ వస్తుంది, ఒక్క కెమెరా, కామెంటరీ ఉన్నా లేకపోయినా. బంతిని కాకుండా నెట్ దగ్గరున్నవాడి పాదాల్ని చూడండి ఒక సెట్ పాటు.